కాలువ వదిలేలోపు మకాముకి ఫైబర్

ఫిబ్రవరి మొదటి వారం

మా మకాం, అంటే తోటలో ఇల్లు, కోనసీమలో, పి.గన్నవరం వైపు, ఊరికి ఎడంగా కొబ్బరితోట మధ్యలో ఉంది. మెయిన్ రోడ్డు దిగగానే పంట కాలువ అడ్డం. దాని మీద ఉన్నది నడక వంతెన. బైకు వెళ్తుంది, ఆటో పట్టదు. కాలువ దాటాక పుంత, అంటే చేల మధ్య మట్టి దారి, పుంత చివర పక్కవాళ్ల చేపల చెరువు గట్టు, తర్వాత మురుగు బోదె. బోదె దాటితే మా తోట. ట్రాక్టర్లు, కోత మిషన్లు లాకుల దగ్గర వంతెన మీదుగా చుట్టూ తిరిగి పుంతలోకి వస్తాయి. బోదె అవతలికి మాత్రం ఏదీ రాదు.

ఇంటర్నెట్ వైరుకి దారి ఎంతో చూద్దామని, రోడ్డు పక్కన కేబుల్ వాళ్ల పెట్టె దగ్గర్నుంచి మా అరుగు దాకా టేపు పట్టి కొలిచాం. 1,340 మీటర్లు. ఫోన్ మ్యాపులో తిన్నగా గీత గీస్తే 900 కూడా చూపించదు. కానీ వైరు గీత మీద రాదు, గట్టు వెంట వస్తుంది.

నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఏడాదిలో సగం ఇక్కడే ఉండి పని చేసుకుందామని నా ఆలోచన. డాబా ఎక్కితే 4జీ రెండు గీతలు వస్తుంది, కిందకి దిగితే ఒకటి. మీటింగులో నా మొహం కదలకుండా నిలబడిపోతే అవతలివాళ్లు మర్యాదగా నవ్వుకుని ముందుకెళ్లిపోతున్నారు. యాంటెన్నా పెట్టి 4జీ రౌటరు వాడి చూశాను. పొద్దున్న బాగానే ఉంటుంది, సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకి చతికిలపడుతుంది. రోడ్డు పక్క డాబా నుంచి గాలిలో వైర్‌లెస్ లింకు వేయమన్నారు కొందరు. ఎదురెదురుగా రెండు డిష్‌లకీ మధ్య అడ్డు ఉండకూడదు. మాకు మధ్యలో ఉన్నవి అరవై అడుగుల కొబ్బరి చెట్లు. వాటిని మించి టవరు లేపితే దానికయ్యే ఖర్చుతో ఫైబరే, అంటే ఇంటర్నెట్‌ని వెలుగుగా మోసే గాజు పోగే, వస్తుంది.

ఇంకొకాయన లాన్ వైరు లాగేయమన్నాడు. రాగి లాన్ వైరు 100 మీటర్లు దాటితే పనిచేయదు. మధ్యమధ్యలో స్విచ్చులు, ప్రతి స్విచ్చుకీ కరెంటు, పైన వాన. ఆ మాట అక్కడితో వదిలేశాను.

ఫిబ్రవరి మూడో వారం

పెద్ద కంపెనీ ఒకటి ఆప్‌లోనే 'మీ ప్రాంతంలో సర్వీసు లేదు' అంది. ఇంకో కంపెనీ మనిషి రోడ్డు దాకా వచ్చాడు, వంతెన చూశాడు, ఫొటో తీసుకున్నాడు, వెళ్లాడు. తర్వాత 'నాట్ ఫీజిబుల్' అని మెసేజ్ వచ్చింది. వాళ్లని అనుకోవడానికేం లేదు. ఒక్క ఇంటి కోసం కిలోమీటరు పైన కేబుల్ లాగితే ఆ ఖర్చు నెల బిల్లులతో ఎన్నేళ్లకి తీరుతుందో వాళ్లూ లెక్క వేసుకుంటారు.

పంచాయతీ ఆఫీసు దాకా సర్కారు ఫైబర్ వచ్చి చాలాకాలమైంది. 2011లో కేంద్రం ఆమోదించిన జాతీయ ఫైబర్ పథకం, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చుకున్నది, పెట్టుకున్న గమ్యమే గ్రామ పంచాయతీ. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకి 149 రూపాయల ప్లానుతో ఇళ్లలోకి కూడా వచ్చింది. స్తంభాల వెంట ఉన్న ఇళ్లకి అది సులువే. మాకు కరెంటు లైను రోడ్డు వైపు నుంచి రాదు, వెనకాల వేరే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొలాలకి అడ్డంగా వస్తుంది. పుంత పొడవునా ఒక్క స్తంభం లేదు.

చివరికి మా ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గరికే వెళ్లాను. టీవీ కేబుల్ రోజుల నుంచి ఉన్న మనిషి, ఇప్పుడు ఇంటర్నెట్టూ ఇస్తున్నాడు. దూరం గురించి భయపడుతూ చెప్పాను.

“లైటు వస్తుందండీ, దానికేం ఢోకా లేదు. వైరు దేనికి వేలాడదీయాలో తవరు చెప్పండి, లైటు సంగతి నేను చూసుకుంటాను” అన్నాడు.

ఆ లెక్క కాగితం మీద వేయించుకున్నాను. ఆయన గదిలోంచి అందరి ఇళ్లకీ వెలుగు పంపే ఓఎల్‌టీ మిషను నుంచి బయల్దేరే వెలుగు దాదాపు +5 డీబీఎం. డీబీఎం వెలుగు బలానికి కొలత, డీబీ అందులో తరుగుకి. అంకె ఎంత కిందికి దిగితే వెలుగు అంత తక్కువ. ఊరి మధ్యలో ఒక స్ప్లిటర్ దాన్ని ఎనిమిది పాయలు చేస్తుంది, రోడ్డు పెట్టెలో ఇంకో స్ప్లిటర్ మళ్లీ ఎనిమిది చేస్తుంది. ఒక్కో ఎనిమిది పాయల స్ప్లిటర్‌కి సుమారు 10.5 డీబీ పోతుంది, రెండూ కలిపి 21. దారిలో ఉన్న గాజు, అతుకులు, కనెక్టర్లు ఇంకో మూడు తినేస్తాయి. పెట్టె దగ్గర మీటరు పెట్టి చూపించాడు: −19.3.

అక్కడినుంచి మా ఇంటికి? ఈ వెలుగు తరంగం పొడవు 1490 నానోమీటర్లు. దానికి కిలోమీటరుకి పోయేది పావు డీబీ చిల్లర. మా 1,340 మీటర్లూ కలిపి తినేది అర డీబీ కూడా కాదు. తుడవని కనెక్టరు ఒక్కటి అంతకన్నా ఎక్కువ తింటుంది. ఇంట్లో పెట్టే డబ్బా −27 దాకా చదవగలదు, ఆపరేటర్లు మాత్రం −25 దాటితే ఒప్పుకోరు. కొత్త అతుకులు, కనెక్టర్లు తినేది కూడా కలుపుకుంటే మాకు −21 దగ్గర రావాలి. ఒకే పోగుని స్ప్లిటర్లతో ఇళ్లకి పంచే ఈ జీపాన్ పద్ధతిలో ఇరవై కిలోమీటర్ల దాకా ఇళ్లకి ఇవ్వొచ్చట. మధ్యలో స్ప్లిటర్లకి కరెంటు కూడా అక్కర్లేదు.

అంటే దూరం సమస్యే కాదు. ఎవరి గట్టు, ఎవరి వంతెన, ఏ నెల అన్నవే సమస్య.

మార్చి మొదట్లో

దారిని ముక్కలు చేసుకున్నాం. పెట్టె నుంచి వంతెన దాకా 330 మీటర్లు, రోడ్డు పక్క కరెంటు స్తంభాల మీద. వాటికి ఆపరేటర్ ముందే అద్దె కడుతున్నాడు కాబట్టి ఆ ముక్క ఆయనది. వంతెన, దాని రెండు చివరలూ కలిపి 30. పుంత 440. చెరువు గట్టు 180. బోదె, తోట కలిపి 360. వంతెన నుంచి ఇవతలంతా నాది, ఖర్చుతో సహా.

తోటలో కేబుల్‌ని కొబ్బరి చెట్లకే కట్టేద్దామన్నాడు ఆపరేటర్. చెట్లున్నాయి, వరసలో ఉన్నాయి, ఎత్తుగా ఉన్నాయి. స్తంభాల ఖర్చు మిగులుతుంది. నాన్న ఒప్పుకోలేదు.

“మేకు దిగ్గొట్టిన చోట కారుతుంది. ఆ వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. చెట్టు మొవ్వు వాలేదాకా మనకి తెలీదు. నీ ఇంటర్నెట్టుకి నా చెట్లు బలా?”

ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎర్రముక్కు పురుగు దెబ్బ తగిలిన చెట్టునే వెతుక్కుంటుంది. మేకు బదులు తాడుతో కట్టినా, ఈదురుగాలికి ఒక్కో చెట్టు ఒక్కో వైపు ఊగుతుంది, మధ్యలో కేబుల్ నలుగుతుంది. ఎండిన మట్ట యాభై అడుగుల పైనుంచి పడితే ఏ కేబులైనా కిందికి రావాల్సిందే. నెలన్నరకో రెణ్ణెల్లకో దింపు ఉంటుంది, గెలలు కిందికి వదిలేటప్పుడు వైరుందని ఎవరు చూస్తారు? అందుకని తోటలో భూమిలోంచి, పుంత మీద స్తంభాలతో అని తేల్చుకున్నాం.

పుంత మీద సరుగుడు కర్రలు వేయమన్నారు. చవకే. మా నేలలో చెద పట్టి రెండు మూడేళ్లకి మొదట్లో విరుగుతాయి. రెండంగుళాల జీఐ పైపు, 20 అడుగులది తీసుకున్నాం.

మార్చి నడిమి

చెరువు గట్టు బావది. వరసకి బావే గానీ సరిహద్దు రాయి దగ్గర మా రెండిళ్లకీ పాత లెక్కలున్నాయి. ముందు నాన్నే వెళ్లాడు.

“గట్టు మీద స్తంభాలు పాతితే మేత బండి ఎలా తిరుగుతుంది మావయ్యా?” అన్నాడు బావ. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. లోపలి అంచున పాతితే గట్టు జారుతుంది, బయటి అంచున పాతితే బండికి అడ్డం.

రెండో మాట నేను మొదలుపెట్టాను. రాత్రిపూట చెరువులో చేపలు పోతున్నాయని, కెమెరా పెట్టాలని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. సిమ్ కెమెరా పెట్టి చూశాడు, సిగ్నల్ లేక అది బొమ్మ నిలిపేస్తుంది. మాకు ఒక్క పోగు చాలు. ఒక పోగు కేబుల్‌కీ నాలుగు పోగుల కేబుల్‌కీ ధరలో తేడా కొంచెమే. తవ్వకం, స్తంభాలు, కూలి ఎలాగూ ఒకటే. నాలుగు పోగులది వేస్తాం, రెండో పోగు మీ మోటారు షెడ్డు దగ్గర దించుతాం, గట్టు మీద స్తంభాల ఖర్చు మీరు పెట్టుకోండి అన్నాను.

“పెట్టుకుంటాను గానీ, ఎక్కడ పాతాలో నేను గుర్తు పెడతాను.”

గుర్తులు పెట్టాడు. బండి తిరిగే మలుపుల్లో వదిలేసి, స్తంభానికీ స్తంభానికీ నలభై మీటర్లు ఉండాల్సింది ఒక చోట యాభై రెండు చేశాడు. కేబుల్ అంత దూరానికి కిందికి వేలాడకుండా పట్టు ఇస్తుందా అని ఆపరేటర్ కాసేపు ఆలోచించి సరే అన్నాడు.

పుంత పంచాయతీది. అక్కడ అభ్యంతరం రైతుల నుంచి వచ్చింది. కోత మిషను పన్నెండు పదమూడు అడుగులు ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. అసలు ఎత్తు గడ్డి లోడుది. ట్రాక్టరు తొట్టి మీద గడ్డి వేసి, పైన మనిషి కూర్చుని తాడు బిగిస్తాడు. వెదురు గెడ పెట్టి కొలిస్తే ఆ మనిషి తల పదిహేడు అడుగుల దగ్గర ఉంది. కేబుల్ పుంతని అడ్డంగా దాటే చోట 24 అడుగుల పైపులు, మిగతాచోట్ల దారి పక్కనే వెళ్తుంది కాబట్టి 20 అడుగులవి అని రాసుకున్నాం.

మార్చి ఆఖరు

వంతెన అనుమతి. వంతెన కాలువల శాఖది. అర్జీ పట్టుకెళ్తే ‘వ్యక్తులకి ఇవ్వం, కంపెనీ లెటర్‌హెడ్ మీద రావాలి’ అన్నారు. ఆపరేటర్ లెటర్‌హెడ్ మీద ఇస్తే బొమ్మ కావాలన్నారు. బొమ్మ ఇస్తే సెక్షన్ ఆఫీసరు వచ్చి చూడాలన్నారు. ఆయన సెలవులో ఉన్నారు.

2025 జనవరి 1 నుంచి టెలికాం లైన్ల దారి హక్కుకి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. అయితే ఆ హక్కు టెలికాం కంపెనీలది. కంపెనీ రానంటున్న చోట సొంతంగా లాక్కునే ఇంటి యజమాని గురించి నియమాలకి పట్టదు. ఆపరేటర్ పేరు మీద నడిపించడం తప్ప దారి లేదు.

ఉగాది దాటాక కాగితం వచ్చింది. వంతెన కాంక్రీటుకి బెజ్జం పెట్టకూడదు, పక్కన క్లాంపుతోనే పైపు తగిలించాలి. నీటి దారికి కిందికి వేలాడకూడదు. గట్టు లోపలి వాలులో స్తంభం పాతకూడదు. వంతెన మరమ్మతు చేస్తే మా ఖర్చుతో తీసేయాలి. ఏ షరతూ అన్యాయం కాదు. ఇవే మొదటి రోజు చెప్పి ఉంటే మేమూ అదే గీసుకుని వెళ్లేవాళ్లం.

టెన్షన్ అనుమతిది కాదు, కేలెండరుది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు ఏప్రిల్లో. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్లీ వదులుతారు. నీళ్లు ఉండగా వంతెన కింద పని చేయాలంటే పడవ కావాలి. నీళ్లు వచ్చాక పుంతలో గోతులు తీస్తే రెండడుగులకే ఊట వస్తుంది. తోటలో కేబుల్‌కి గాడి తవ్వడం సంగతి చెప్పక్కర్లేదు. అంటే చేలు కోసిన దగ్గర్నుంచి కాలువ వదిలేదాకా ఉన్న ఆ కాస్త సమయంలో అన్నీ అయిపోవాలి. లేకపోతే ఏడాది ఆగాలి.

ఏప్రిల్ రెండో వారం

కేబుల్ డ్రమ్ము విజయవాడ నుంచి ట్రాన్స్‌పోర్టులో రావులపాలెం వచ్చింది. రెండు కిలోమీటర్ల డ్రమ్ము. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్కగా రావాలని అంత తెప్పించాను. లోపల నాలుగు గాజు పోగులు, వాటికి దన్నుగా ఫైబర్‌గ్లాసు కడ్డీలు, పైన ఎండకి తట్టుకునే నల్ల తొడుగు. లోహం అసలు లేదు. ఉక్కు తీగతో వచ్చే కేబుల్ చవక, లాగితే గట్టిగా నిలుస్తుంది. కానీ కరెంటు తీగల కింద నడిచే ముక్క ఒకటి ఉంది, పైగా మే నెలలో మా దగ్గర పిడుగులు. ఉక్కు తీగ ఇంటిదాకా వస్తే పిడుగుకి దారి వేసినట్టే.

డ్రమ్ముకి గునపం గుచ్చి ఇద్దరు భుజాన వేసుకుని వంతెన దాటించారు.

పుంతలో చేలు కోసేశారు. గోతులు నాలుగడుగులు తీయాలని చెప్తే కూలీలు నవ్వారు. పైన మట్టి పెంకులా ఎండిపోయి ఉంది, పలుగు దిగదు. మూడడుగులు పోయాక బంక. పారకి అంటుకుని వదలదు. గోతిలో రాళ్లు, సిమెంటు వేసి పైపు నిలబెట్టి, గెడలతో మూడు వైపులా ఊతం ఇచ్చి వదిలేశాం. చివరి స్తంభాలకి, మలుపు స్తంభాలకి లాగుడు ఒకే వైపు ఉంటుంది కాబట్టి, నేలలోకి ఏటవాలుగా బిగించే స్టే తీగ కూడా వేయాలి. మలుపు దగ్గర ఒక రైతు ‘స్టే నా చేలో దిగుతోంది’ అన్నాడు. ఆ స్తంభానికి స్టే ఆగింది.

కాలువలు కట్టేశాక

నీళ్లు తగ్గిన రోజునే ఊళ్లో పిల్లలంతా కాలువలో దిగారు, మిగిలిన మడుగుల్లో చేపల కోసం. వాళ్ల మధ్యలో నిచ్చెన వేసుకుని ఆపరేటర్ మనుషులు వంతెన పక్కకి క్లాంపులు బిగించారు. ఒక జీఐ పైపు, దాని లోపల కేబుల్. మోకాలిదాకా బురద తప్ప ఇబ్బంది లేదు. ఇదే పని మార్చిలో అయితే తల మునిగే నీళ్లు.

స్తంభాల మీద కేబుల్ లాగడం అనుకున్నదానికన్నా తేలిగ్గా అయింది. డ్రమ్ముని చెరువు గట్టు చివర నిలబెట్టి, వంతెన వైపు లాగారు. ఒక్కొక్క స్తంభం దగ్గర ఒక మనిషి. గట్టిగా గుంజకూడదని ఆపరేటర్ ముందే చెప్పాడు. ఫైబర్ లాగుడికి తెగకపోయినా లోపల బిగుసుకుపోతే ఆ బిగువు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుందట. స్తంభానికి స్తంభానికి కాస్త వేలాడనిచ్చి, చివర ఒక చుట్ట మిగిల్చారు, రేపు ఎక్కడైనా తెగితే అతకడానికి.

ఏప్రిల్ ఆఖరు, తోటలో

ఈ ముక్కే నాకు ఇష్టమైన పని. మా చెట్ల మధ్య ఎడం పాతిక అడుగులు. వరసకీ వరసకీ నడిమధ్య గీత గీసి తవ్వితే చెట్టు వేళ్లు ఎక్కువ తెగవు. ఆ గీత మీద కోకో మొక్కలున్న చోట కాస్త పక్కకి జరిగాం. లోతు రెండున్నర అడుగులు. పాదులు తిరగేసేటప్పుడు పార దిగేది అడుగు, అంతకన్నా కిందే ఉండాలి.

మనుషులే తవ్వారు. అందులో బోరు పైపుగా వాడే నల్లటి హెచ్‌డీపీఈ పైపు, 32 మిల్లీమీటర్లది. చుట్టగా వస్తుంది, మధ్యలో అతుకులు తక్కువ. సుమారు వంద మీటర్లకి ఒకటి చొప్పున సిమెంటు ఉంగరంతో చిన్న గుంట కట్టి, పైన మూత. పైపు చివరలు ఆ గుంటల్లో తేలతాయి. పందికొక్కులు వదులు మట్టిని వెతుక్కుంటాయి కాబట్టి పైపు మీద ముందు ఇసుక, ఆపైన మట్టి వేసి తడిపి దిమ్మిస కొట్టించాం. బోదె గట్ల దగ్గర పీతలు కన్నాలు చేస్తాయని అక్కడ జీఐ పైపు వేశాం.

వంద మీటర్ల పైపులోకి కేబుల్ తోస్తే పోదు, వంగుతుంది. ముందు దారం పంపాలి. ప్లాస్టిక్ సంచి ముక్కని గుప్పెడంత ముద్దగా చేసి, దానికి నైలాన్ దారం కట్టి పైపు మూతిలో పెట్టి, వెనక నుంచి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ గాలి వదిలాం. మందు లేదు, ఉత్త గాలి. అవతలి గుంట దగ్గర నిలబడ్డ కుర్రాడు ‘వచ్చేసింది’ అని అరిచేలోపే ముద్ద బయటికి దూకింది. దారంతో తాడు, తాడుతో కేబుల్. కేబుల్‌కి సబ్బు నీళ్లు రాసి, ఒకరు తోస్తూ ఒకరు లాగుతూ పంపారు. నాన్న కుర్చీ వేయించుకుని అదంతా చూశాడు. ఎవరి కాలు కోకో మొక్క మీద పడుతుందోననే ఆయన దిగులంతా.

మే రెండో వారం

అతుకులు. ఫ్యూజన్ స్ప్లైసర్ పట్టుకుని అమలాపురం నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఎండ, దుమ్ము, గాలి మూడూ దానికి శత్రువులే. అరుగు మీద మంచం వేసి, మూడు వైపులా పరదా కట్టి ఇచ్చాం.

తొడుగు తీశాక కనిపించే గాజు పోగు మందం 125 మైక్రాన్లు, వెంట్రుకకి అటూఇటూ. వెలుగు నడిచే నడిమి భాగం అందులో 9 మైక్రాన్లే. స్పిరిటుతో తుడిచి, క్లీవర్‌తో చివర నిటారుగా కోసి, రెండు చివరలూ మిషనులో ఎదురెదురుగా పెడతారు. మిషను తనే వాటిని సరిచేసుకుని చిటుక్కున నిప్పురవ్వ వేసి కరిగించి కలుపుతుంది. తెర మీద 0.02 డీబీ అని వచ్చింది. తెగిన గాజు ముక్కల్ని అతను టేపుకి అంటించి సీసాలో వేసుకున్నాడు. మా ఇంట్లో అందరం చెప్పులు లేకుండా తిరుగుతాం, కాళ్లల్లో దిగితే బయటికి రాదని ఆ జాగ్రత్త.

ఇంటి దగ్గర మీటరు పెట్టాడు. −26.4.

−21 రావాల్సింది. అయిదు డీబీల పైన ఎక్కడో పోయింది. ముందు కనెక్టర్ల మీద అనుమానపడ్డారు. ఆకుపచ్చ కనెక్టరుకి ఆకుపచ్చే తగిలించాలి. దాని మొన ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది, నీలంది తిన్నగా ఉంటుంది. రెండూ కలిపితే వెలుగు పోతుంది. అన్నీ ఆకుపచ్చవే ఉన్నాయి, అన్నీ తుడిచారు, మార్పు లేదు.

అప్పుడు ఓటీడీఆర్ తెచ్చారు. పోగులోకి వెలుగు పంపి, ఎంత దూరంలో ఎంత వెనక్కి వచ్చిందో చూసి, నష్టం ఎక్కడుందో మీటర్లలో చెప్తుంది. 1310 నానోమీటర్ల వెలుగుతో కొడితే పెట్టె నుంచి సుమారు 370 మీటర్ల దగ్గర తెర మీద గీతలో చిన్న మెట్టు. అదే 1550లో కొడితే అక్కడే పెద్ద మెట్టు. అతుకు చెడిపోతే రెంటిలోనూ దగ్గరదగ్గరగా ఉంటుందట. 1550లో అంత ఎక్కువుంటే అది వంపు. పెద్ద తరంగం వంపు దగ్గర ముందుగా బయటికి జారిపోతుంది.

370 అంటే వంతెన దాటగానే. వెళ్లి చూస్తే, జీఐ పైపు మూతి నుంచి పైకి మొదటి స్తంభానికి తిరిగే చోట కేబుల్‌ని ట్యాగుతో పైపు అంచుకి బిగించేశారు. మలుపు నా బొటనవేలంత లేదు. మా కేబుల్లో పోగు మామూలు జీ.652డీ రకం, దానికి మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా తక్కువ వంపు పనికిరాదు. ఇళ్ల లోపల గోడ మూలల్లో వాడే జీ.657 రకం సెంటీమీటరు వంపుని కూడా తట్టుకుంటుంది. ట్యాగు కోసి, వెడల్పు వంపున్న ప్లాస్టిక్ బెండు తొడిగి, అంచుకి రబ్బరు పెట్టారు. అరుగు దగ్గర మీటరు పట్టుకున్న కుర్రాడు ఫోన్లో చెప్పాడు: −20.7.

అదే సాయంత్రం డబ్బా పెట్టారు. ఎల్ఓఎస్ అని ఎర్ర దీపం ఆరింది, పాన్ అని పచ్చది ముందు మిణుకుమిణుకుమని తర్వాత నిలిచింది. 100 ఎంబీ ప్లాను. కొలిస్తే అటూ ఇటూ అంతే వస్తోంది. అమ్మ మొదట అడిగింది, అక్కకి డల్లాస్‌కి ఫోన్ చేస్తే ఈసారి మొహం ఆగిపోదు కదా అని. ఆగలేదు. గంటన్నర మాట్లాడుకున్నారు, నా మీటింగు సంగతి ఎవరికీ పట్టలేదు.

మే ఆఖరు

ఈదురుగాలి వాన. తోటలో మట్టలు చాలా పడ్డాయి, భూమిలో ఉన్న కేబుల్‌కి ఏం కాలేదు. పుంత మీద స్టే ఆగిన మలుపు స్తంభం పంట కాలువ వైపు ఒక జానెడు వాలింది. సిగ్నల్ అలాగే ఉంది.

కరెంటు పోయాక నెట్ పోయింది. ఇంట్లో డబ్బాకీ రౌటరుకీ 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకున్నాను, అవి వెలుగుతూనే ఉన్నాయి. పోయింది ఆపరేటర్ గదిలో. ఆయన బ్యాటరీ పాతది, కాసేపటికే దించేసింది. దారిలో ఎక్కడా కరెంటు అక్కర్లేని పద్ధతికి రెండు చివరలా మాత్రం కావాలి. కొత్త బ్యాటరీ వేస్తానన్నాడు. ఊళ్లో మిగతా ఇళ్లవాళ్లు కరెంటు పోతే టీవీ ఎలాగూ రాదని అడగరట, అడిగేది నేనొక్కడినేనట.

ఖర్చు రాసిపెట్టుకుంటున్నాను, ఇలాంటి పని తలపెట్టేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి. కేబుల్ రవాణాతో కలిపి ముప్ఫై వేల దగ్గర. జీఐ పైపులు, క్లాంపులు నలభై ఎనిమిది వేలు, అందులో చెరువు గట్టు మీదవి బావ పెట్టుకున్నాడు. హెచ్‌డీపీఈ పైపు, గుంటలు ఇరవై వేల లోపు. కూలి, సిమెంటు, అతుకులు ముప్ఫై అయిదు వేలు. అనుమతికి ఫీజు స్వల్పం. మనసులో ఇది ఎక్కువే అనిపించింది, హైదరాబాద్‌లో ఫ్లాటు అద్దెతో పోల్చుకుని ఊరుకున్నాను.

జూన్

కాలువ వదిలారు. వంతెన కింద పైపు నీటికి మూరెడు పైన ఉంది, సెక్షన్ ఆఫీసరు వచ్చి చూసి వెళ్లారు.

బావ షెడ్డు దగ్గర రెండో పోగు దించారు, ఆయనకి విడిగా కనెక్షన్. నాలుగు కెమెరాలు. చేపలు పట్టుకుపోతున్నది మనుషులు కాదు, నీటి పిల్లులని మొదటి వారంలోనే తేలింది. ఆ వీడియో ఇప్పుడు ఊరంతా తిరుగుతోంది.

కేబుల్ తెగితే ఎవరు పెట్టుకోవాలన్నది కూడా కాగితం మీద పెట్టుకున్నాం. వంతెన దాకా ఆపరేటర్, చెరువు గట్టు మీద బావ, పుంతలో బావా నేనూ సగం సగం, తోటలో నేను. మిగిలిన రెండు పోగులకి ఇప్పటికి ఎవరూ లేరు. పుంత అవతల కొత్తగా కట్టుకుంటున్న ఇంటాయన అడిగి వెళ్లాడు. ఇస్తే పుంత ఖర్చులో ఆయనా వాటా వేయాలని నాన్న అంటున్నాడు.

ఇంకా చేయాల్సినవి: మలుపు స్తంభానికి స్టే, దానికి ఆ రైతుతో మాట. తోటలో రెండో గుంట మూత పగిలింది, మార్చాలి. సార్వా, అంటే మొదటి పంట, నాట్లు అయ్యేలోపు స్టే సంగతి తేలకపోతే ఆ చేలోకి దిగడానికి మళ్లీ కోతల దాకా వీలుండదు.